ఒక్క ‘చెప్పు’కు రెండు క్రియలు, ఒక్క ‘సంది’కి రెండు మాటలు: ఇంగ్లిష్‌ల ఏది ఎక్కడ?

పరకాల అభ్యర్థి

అందరికి నమస్తే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఎస్ఎస్‌సీ పెట్టే సీజీఎల్ పరీక్ష టైర్ 1ల ఇంగ్లిష్‌వి 25 ప్రశ్నలు, 50 మార్కులు. ఒక్క తప్పుకు అర మార్కు కోత. ప్యాసేజ్, పదాల అర్థాలు నడుస్తున్నయ్ గానీ క్రియ దగ్గరికొస్తే తప్పు ఎక్కడుందో దొరుకుతలేదు. కింద ఏడు వాక్యాలు పెట్టిన. ఏడింటిల ఏదో ఒక తప్పుంది.

1. ‘హి సెడ్ మీ ద న్యూస్.’
2. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫ్రమ్ ఫైవ్ ఇయర్స్.’
3. ‘ఐ హ్యావ్ విజిటెడ్ రామప్ప ఇన్ 2022.’
4. ‘వెన్ ఐ రీచ్డ్ టు ద బస్ స్టాండ్, ద బస్ లెఫ్ట్.’ నేను పోయేసరికి బస్సు లేదు అనే అర్థంల.
5. ‘ఐ రిపేర్డ్ మై బైక్.’ చేసింది మెకానిక్.
6. ‘ద మ్యాన్ ఇన్ ద ఫొటో వోర్ ఎ బ్లూ షర్ట్.’
7. ‘ఐ డిడ్ ఎ మిస్టేక్.’

రూల్ పేరు వద్దు. వాక్యంల ఏ మాట చూసి పట్టుకోవాల్నో చెప్పండి.

కొత్తవాడ

మొదటిది నేను చెప్త. మన ‘చెప్పు’కు అక్కడ సే, టెల్ రెండున్నయ్. రెండిటి అర్థాల మధ్య తేడా ఎతుక్కుంట కూసుంటే తేలది తమ్ముడూ. క్రియ పక్క కుర్చీల ఎవరు కూసున్నరో చూడు. టెల్ పక్కన వినే మనిషి కూసుంటడు: ‘టోల్డ్ మీ’, ‘టోల్డ్ హర్’, ‘టోల్డ్ ద డ్రైవర్’. సే పక్కన చెప్పిన మాట కూసుంటది: ‘సెడ్ ఎస్’, ‘సెడ్ దట్ హి వాజ్ టయర్డ్’. సే వాడి మనిషిని కూడా చెప్పాలంటే మధ్యల టు రావాలె: ‘సెడ్ టు మీ’. నీ వాక్యంల సెడ్ పక్కన ‘మీ’ ఉంది, టు లేదు. గదే తప్పు. ‘హి టోల్డ్ మీ ద న్యూస్.’

మనిషి లేకున్నా టెల్ వచ్చేవి కొన్నున్నయ్, అవి నోటికి రావాలె: టెల్ ద ట్రూత్, టెల్ ఎ లై, టెల్ ఎ స్టోరీ, టెల్ ద టైమ్, టెల్ ద డిఫరెన్స్. అబద్ధానికి ‘సే ఎ లై’ అని ఆప్షన్ ఇస్తే పెట్టకు.

ఇంకో ముచ్చట. మనం ‘ఆయనకు చెప్పు’ అంటం, ‘ఆయన్ని అడుగు’ అంటం. ఆ ‘కు’ను ఇంగ్లిష్‌లకు మోసుకపోయి ‘టెల్ టు హిమ్’ అని రాస్తరు. ‘నాకు ఫోన్ చెయ్యి’ అని ‘కాల్ టు మీ’, ‘వరంగల్‌కు చేరిన’ అని ‘రీచ్డ్ టు వరంగల్’. మూడింటిలనూ టు తీసెయ్యాలె. నీ నాలుగో వాక్యంల ఒక తప్పు గిదే. ఎరైవ్ అయితే మాత్రం ఎట్, ఇన్ కావాలె: బస్ స్టాండ్‌కు ఎట్, వరంగల్‌కు ఇన్.

ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్ దగ్గర ఉల్టా. అక్కడ మన ‘కు’ ఉండాల్సిందే. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ ద ప్రాబ్లమ్’ తప్పు, ‘ఎక్స్‌ప్లెయిన్ ద ప్రాబ్లమ్ టు మీ’ సరి. ‘సజెస్ట్ మీ ఎ బుక్’ కూడా తప్పే. ‘కెన్ యు సజెస్ట్ ఎ బుక్’ అంటే చాలు, ‘మీ’ అక్కరే లేదు.

కాజీపేట జంక్షన్

సే, టెల్ లాంటిదే సీ, లుక్, వాచ్. దీన్ని ‘చూడు’ అనే ఒక్క మాట నుంచి మొదలుపెడితే ఇరుక్కుంటరు. తెలుగుల మనకు ఇంకో మాట ఉంది, ‘కనపడు’. సీ అనేది చాలావరకు మన కనపడు. నువ్వు ప్రయత్నం చెయ్యకున్నా కంట్ల పడేది. ‘ఐ కెన్ సీ ద ఫోర్ట్ ఫ్రమ్ హియర్’, కోట ఇక్కడికి కనపడ్తది. కావాలని కన్ను అటు తిప్పితే లుక్, దాని వెంట ఎట్. కదిలేదాన్ని, మారేదాన్ని కొంతసేపు కనిపెట్టుకుంట చూస్తే వాచ్. మ్యాచ్ వాచ్ చేస్తరు. గోడ మీది క్యాలెండర్‌ను లుక్ ఎట్ చేస్తరు.

హియర్, లిజన్ కూడా గట్లనే. వినపడుడు హియర్, వినుడు లిజన్ టు. ఫోన్‌ల గొంతు కట్ అయితుంటే ‘వినపడ్తుందా?’ అంటం కదా, దానికి ‘కెన్ యు హియర్ మీ?’ అనాలె. ‘ఆర్ యు లిజనింగ్?’ అంటే నేను మాట్లాడుతుంటే నీ ధ్యాస ఎటుంది అని గట్టిగ అడిగినట్టయితది. ఇంటర్వ్యూ ఫోన్ కాల్‌ల ఈ ఒక్క వాక్యం అవతలివాళ్లను నొప్పిస్తది.

జమ్మికుంట

కాజీపేట అన్నా, సీ అంటే కనపడు అని గట్టిగ పట్టుకుంటే ‘ఐ సా ఎ ఫిల్మ్’ తప్పయితది గదా. సినిమా ఊరికే కంట్ల పడదు.

కాజీపేట జంక్షన్

నిజమే జమ్మికుంటా, అందుకే ‘చాలావరకు’ అన్న. సినిమాకు సీ కూడా నడుస్తది, వాచ్ కూడా నడుస్తది. థియేటర్‌కు పోయి చూస్తే సీ ఎక్కువ, ఇంట్ల టీవీల అయితే వాచ్. టీవీకి మాత్రం సీ వాడరు. అట్లనే ‘ఐ హర్డ్ దట్ షీ గాట్ ద జాబ్’ అంటే ఆ సంగతి విన్న అని, అక్కడ లిజన్ రాదు.

డాక్టర్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలె. ‘డాక్టర్‌కు చూపెట్టుకున్న’ అని ‘ఐ షోడ్ టు ద డాక్టర్’ రాస్తరు. ‘ఐ సా ఎ డాక్టర్’ అంటే సరిపోతది.

సుబేదారి టీచర్

ఆరో వాక్యం మీద కొంచెం ఆగాలి. మన దగ్గర ఎక్కువమంది ఈ తప్పును తప్పుగా కూడా గుర్తించరు.

తెలుగులో ఒక పద్ధతి ఉంది. మనిషి ఇప్పుడు ఉన్న స్థితిని జరిగిపోయిన క్రియతో చెప్తాం. ఎదురుగా ఉన్న మనిషిని చూపించి ‘నీలం అంగి వేసుకున్నడు’ అంటాం. ‘కుర్చీలో కూర్చున్నడు’, ‘గోడకు ఆనుకుని నిలబడ్డడు’, ‘మంచం మీద పండుకున్నడు’. నాలుగూ రూపంలో భూతకాలమే, అర్థంలో వర్తమానం. అంగి వేసుకోవడం అనే పని అయిపోయింది, దాని ఫలితం ఇంకా ఒంటి మీద ఉంది, మనకు ఆ ఫలితం ముఖ్యం. ఇంగ్లిష్ అట్లా చూడదు. ఇంకా ఒంటి మీద ఉంటే ‘ఈజ్ వేరింగ్’, ఇంకా కుర్చీలో ఉంటే ‘ఈజ్ సిట్టింగ్’, ‘ఈజ్ స్టాండింగ్’, ‘ఈజ్ లైయింగ్’. ‘వోర్’ అంటే ఎప్పుడో వేసుకున్నాడు, ఇప్పటి సంగతి కాదు. వేసుకునే ఆ ఒక్క క్షణానికి ‘పుట్ ఆన్’.

విదేశీ చదువులకు రాసే డ్యుయోలింగో ఇంగ్లిష్ టెస్ట్‌లో ఫొటో ఇచ్చి ఒక నిమిషంలో దాని గురించి రాయమంటారు. అక్కడ ‘ఎ వుమన్ శాట్ ఆన్ ఎ బెంచ్, షీ వోర్ ఎ శారీ’ అని మొదలుపెడితే మొదటి వాక్యంలోనే రెండు తప్పులు. ఫొటోలో కనిపించే మనిషికి ‘ఈజ్ …ఇంగ్’ అని చెయ్యి దానంతట అదే రాయాలి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ‘ఆకలైతుంది’ అనేది రూపంలో జరుగుతున్న పని, ఇంగ్లిష్‌లో మాత్రం ‘ఐ యామ్ హంగ్రీ’. ‘యాదికొస్తలేదు’ను ‘ఐ యామ్ నాట్ రిమెంబరింగ్’ అని రాయకూడదు, ‘ఐ కాంట్ రిమెంబర్’. ‘అర్థం కాలే’ భూతకాలంలా ఉంటుంది, చెప్పేది ఇప్పటి మాట అయితే ‘ఐ డోంట్ అండర్‌స్టాండ్’. నో (తెలుసు), అండర్‌స్టాండ్, బిలాంగ్, ఓన్ లాంటి వాటికి ఇంగ్ రాదు.

నర్సంపేట

హ్యావ్ సంగతి కూడా చెప్పండి మేడమ్. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అని ఇంటర్వ్యూలల్ల ఎక్కువ వినపడ్తది.

సుబేదారి టీచర్

ఉండటం అనే అర్థంలో హ్యావ్‌కు ఇంగ్ రాదు: ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’. తినడం, తాగడం, గడపడం అనే అర్థంలో వస్తుంది: ‘వి ఆర్ హ్యావింగ్ లంచ్’, ‘దే ఆర్ హ్యావింగ్ ఎ గుడ్ టైమ్’. థింక్ కూడా అంతే. అభిప్రాయం అయితే ‘ఐ థింక్’, ఆలోచనలో ఉంటే ‘ఐ యామ్ థింకింగ్’. హ్యావ్‌కు ఇంగ్ రానే రాదని బట్టీ పడితే రేపు పరీక్షలో ‘హ్యావింగ్ లంచ్’ చూసి తప్పు అని పెడతారు.

ములుగు రోడ్

మూడోది, రామప్పది.

‘పోయిన’ అనే ఒక్క రూపం మనకు ‘వెంట్’కూ ‘హ్యావ్ బీన్’కూ రెండిటికీ పనిచేస్తది. ఇంగ్లిష్‌ల ఒకటే ప్రశ్న వేసుకోవాలె: ఎప్పుడు అనేది వాక్యంల ఉందా? ఉంటే, ఆ కాలం అయిపోయినదైతే, హ్యావ్ తీసెయ్. 2022 అయిపోయింది. ‘ఐ విజిటెడ్ రామప్ప ఇన్ 2022.’ ఎప్పుడన్నది చెప్పకుండ, పోయిన అనుభవం ఉంది అని చెప్పాలంటే ‘ఐ హ్యావ్ విజిటెడ్ రామప్ప’.

రామప్ప మీదనే మూడు వాక్యాలు రాసుకుంటే తేడా ఎదురుంగ కనపడ్తది. ‘ద కన్‌స్ట్రక్షన్ ఆఫ్ రామప్ప బిగాన్ ఇన్ 1213.’ సంవత్సరం ఉంది, సింపుల్ పాస్ట్, అంటే హ్యావ్, హ్యాడ్ లేని రెండో రూపం. ‘యునెస్కో రికగ్నైజ్డ్ ఇట్ ఇన్ 2021.’ మల్ల సింపుల్ పాస్ట్. ‘రామప్ప హ్యాజ్ బీన్ ఎ వరల్డ్ హెరిటేజ్ సైట్ సిన్స్ 2021.’ ఇక్కడ కూడా 2021 ఉంది, కానీ హ్యాజ్ బీన్ వచ్చింది. ఎందుకంటే ఆ గుర్తింపు ఇయ్యాల్టి దాకా నడుస్తనే ఉంది. అంటే సంవత్సరం కనపడంగనే గుడ్డిగ హ్యావ్ కొట్టెయ్యద్దు. దాని ముందు ఇన్ ఉందా, సిన్స్ ఉందా చూడాలె. ఇన్ ఉంటే తలుపు మూసేసినట్టు. సిన్స్ ఉంటే ఇంకా తెరిచే ఉంది.

యెస్టర్‌డే, లాస్ట్ వీక్, ఎగో, ఇన్ 2022, వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్: ఇవన్నీ మూసిన తలుపులే. జస్ట్, ఆల్రెడీ, యెట్, ఎవర్, సో ఫార్ కనపడితే అక్కడ హ్యావ్ రావాలెనేమో అని ముందుగ చూడు.

జమ్మికుంట

అమెరికా వాళ్లు ‘డిడ్ యు ఈట్ యెట్?’ అంటరు. యెట్ ఉంది, హ్యావ్ లేదు. మరి అది తప్పా?

ములుగు రోడ్

తప్పు కాదు. జస్ట్, ఆల్రెడీ, యెట్‌లతోని అమెరికన్లు సింపుల్ పాస్ట్ కూడా వాడుతరు. బ్రిటిష్ పద్ధతిల ‘హ్యావ్ యు ఈటెన్ యెట్?’ రాస్తరు. మన పోటీ పరీక్షలు బ్రిటిష్ పద్ధతి మీదనే పోతయ్, కాబట్టి హ్యావ్‌కే టిక్ పెట్టాలె. కానీ ‘హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ని అటోళ్లు గానీ ఇటోళ్లు గానీ ఒప్పుకోరు.

నర్సంపేట

రెండో వాక్యం. మనం ‘ఐదేండ్ల సంది చేస్తున్న’ అంటం, ‘2019 సంది చేస్తున్న’ అని కూడా అంటం. సంది ఒక్కటే, క్రియ కూడా ఒక్కటే, ‘చేస్తున్న’. ఇంగ్లిష్‌ల రెండు దగ్గర్ల మారుతది.

ఒకటి, సంది ముందు ఉన్న మాటను అడుగు. ‘ఎంతసేపు, ఎన్నేండ్లు?’ అన్న ప్రశ్నకు జవాబైతే ఫర్. ‘ఎప్పుడు మొదలైంది?’ అన్నదానికి జవాబైతే సిన్స్. ‘ఫర్ ఫైవ్ ఇయర్స్’, ‘ఫర్ త్రీ అవర్స్’, ‘ఫర్ ఎ లాంగ్ టైమ్’. ‘సిన్స్ 2019’, ‘సిన్స్ దిస్ మార్నింగ్’, ‘సిన్స్ దసరా’, ‘సిన్స్ ఐ వాజ్ టెన్’. రెండు చోట్లల్ల ఫ్రమ్ రాదు. కాలానికి ఫ్రమ్ వస్తే ఎక్కువగా దాని వెంట టు గానీ టిల్ గానీ ఉంటది: ‘ఫ్రమ్ నైన్ టు ఫైవ్’.

రెండోది, ‘చేస్తున్న’ను ‘ఐ యామ్ డూయింగ్’ చెయ్యద్దు. అప్పుడు మొదలై ఇప్పటికీ నడుస్తుంటే ‘హ్యావ్ బీన్ డూయింగ్’. ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్.’ నో లాంటి ఇంగ్ రాని క్రియ అయితే ‘ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్’.

నీ వాక్యంల రెండు తప్పులూ ఉన్నయ్ గానీ, పరీక్షల ఎర్రర్ స్పాటింగ్ (తప్పు ముక్కను పట్టే ప్రశ్న)ల మామూలుగ ఒక్క వాక్యంల ఒక్క తప్పే పెడ్తరు. ఫర్ సరిగ్గ ఉందంటే ‘యామ్ వర్కింగ్’ వైపు చూడు. ‘హ్యావ్ బీన్’ ఉంటే ఫర్, సిన్స్ వైపు చూడు.

పరకాల అభ్యర్థి

సంది ముచ్చట ఇప్పుడు తేటగా పట్టుబడ్డది. ఇంకోటి అడుగుత. హ్యాడ్ ఎక్కడ పెట్టాలె? ‘ఐ హ్యాడ్ గాన్ టు వరంగల్ యెస్టర్‌డే’ అని పాతదానికి హ్యాడ్ పెడితే సరేనా?

ములుగు రోడ్

కాదు. హ్యాడ్ పాతదానికి కాదు, పాతదానికంటే పాతదానికి. వాక్యంల జరిగిపోయినవి రెండుండాలె, అందుల ముందు జరిగినదానికి హ్యాడ్ ఇయ్యాలె. నిన్న వరంగల్ పోయిన అంటే ఒక్కటే పని. ‘ఐ వెంట్ టు వరంగల్ యెస్టర్‌డే’ చాలు.

హ్యాడ్ పెట్టాల్సిన చోటు మన మాటలనే కనపడ్తది. ‘నేను పోయేసరికి బస్సు పోయింది.’ ఆ ‘ఏసరికి’, ఇంకా ‘అప్పటికే’ అన్న మాట వచ్చిందంటే హ్యాడ్‌కు జాగ చెయ్యి. ‘బై ద టైమ్ ఐ రీచ్డ్ ద బస్ స్టాండ్, ద బస్ హ్యాడ్ లెఫ్ట్.’ చేరినది తర్వాత, దానికి సింపుల్ పాస్ట్. బస్సు పోయినది ముందు, దానికి హ్యాడ్.

నీ నాలుగో వాక్యంల టు తీసేసి ‘వెన్ ఐ రీచ్డ్ ద బస్ స్టాండ్, ద బస్ లెఫ్ట్’ అని ఉంచితే వ్యాకరణం తప్పు కాదు, అర్థం మారుతది. నేను చేరంగనే బస్సు కదిలింది అని. బస్సును చూసినవ్ అన్నట్టు. హ్యాడ్ పెడితే బస్సు మొఖమే చూడలే.

బిఫోర్, ఆఫ్టర్ ఉంటే ఏది ముందో ఆ మాటలే చెప్తయ్ కాబట్టి హ్యాడ్ లేకున్నా నడుస్తది. ‘ద రెయిన్ స్టాప్డ్ బిఫోర్ వి లెఫ్ట్’ తప్పని పెట్టకు.

కొత్తవాడ

ఏడోది. ‘చెయ్యి’కి డూ, మేక్ రెండున్నయ్. కొత్తగా ఒకటి పుట్టుకొస్తే మేక్, పని నడిస్తే డూ అని చెప్తరు. సగం వరకు పనికొస్తది: మేక్ టీ, మేక్ ఎ ప్లాన్, మేక్ నాయిస్, డూ హోమ్‌వర్క్, డూ బిజినెస్. మిగతా సగం జంటలుగనే నేర్చుకోవాలె. మిస్టేక్‌కు మేక్. డెసిషన్‌కు మేక్. ఎఫర్ట్‌కు మేక్. ఫేవర్‌కు డూ. నేరానికి ఈ రెండూ కాదు, కమిట్.

అసలు ఇబ్బంది ఇది కాదు. మనం ప్రతి నామవాచకం వెనక ‘చేసిన’ తగిలిస్తం. స్నానం చేసిన, భోజనం చేసిన, సహాయం చేసిన, ప్రయాణం చేసిన, ఫోన్ చేసిన. ఇంగ్లిష్‌ల వీటిల చానావాటికి డూ, మేక్ రెండూ అక్కర్లేదు: ‘హ్యాడ్ ఎ బాత్’, ‘హ్యాడ్ లంచ్’, ‘హెల్ప్డ్’, ‘ట్రావెల్డ్’, ‘కాల్డ్’. ‘డిడ్ హెల్ప్ టు మీ’ అని రాసేటోళ్లు ఒక్కసారి ఆగి, ఆ పనికి సొంత క్రియ ఉందా అని చూసుకోవాలె. ‘పరీక్ష రాసిన’ను విదేశీ చదువులకు రాసే ఐఎల్టీఎస్‌ల ‘టుక్ ద ఎగ్జామ్’ అనాలె. ‘రోట్ ద ఎగ్జామ్’ మన దేశంల అందరికి అర్థమైతది, కానీ ప్రశ్నలు రాసి తయారుచేసినవా అని బయటోళ్లకు అనుమానం వస్తది.

ఫ్యాన్ బంద్ చెయ్యుడు క్లోజ్ కాదు, టర్న్ ఆఫ్. ఫోన్ ఎత్తుడు లిఫ్ట్ కాదు, ఆన్సర్.

సుబేదారి టీచర్

ఐదోది మిగిలింది. తెలుగులో ‘చేసిన’ వేరు, ‘చేపిచ్చిన’ వేరు. ఒక్క ‘ఇంచు’తో పని వేరేవాళ్ల చేతికి పోతుంది. ఇంగ్లిష్‌లో క్రియ లోపల అట్లాంటి ముక్క లేదు, వాక్యం నిర్మాణమే మార్చాలి: గెట్ లేదా హ్యావ్, తర్వాత వస్తువు, తర్వాత మూడో రూపం. ‘ఐ గాట్ మై బైక్ రిపేర్డ్.’ ‘షీ హ్యాడ్ హర్ బ్లౌజ్ స్టిచ్డ్.’ ‘హి గాట్ హిజ్ హెయిర్ కట్.’ వస్తువు మధ్యలోనే ఉండాలి. ‘ఐ గాట్ రిపేర్డ్ మై బైక్’ అని వస్తువును చివరికి తోస్తే తప్పు. ఎవరితో చేపించారో చెప్పాలంటే వస్తువు బదులు మనిషిని పెట్టాలి, అప్పుడు హ్యావ్‌కు మొదటి రూపం, గెట్‌కు టు వస్తాయి: ‘హ్యాడ్ ద మెకానిక్ రిపేర్ ఇట్’, ‘గాట్ ద మెకానిక్ టు రిపేర్ ఇట్’.

ఎనుమాముల

చేసుడు, చేపిచ్చుడు లెక్కనే లేచుడు, లేపుడు. రైజ్ రెండు రకాలున్నయ్, వినడానికి కొంచమే తేడా. దానంతట అది లేస్తే రైజ్, రోజ్, రిజెన్. ఒకరు లేపితే రెయిజ్, రెయిజ్డ్, రెయిజ్డ్. మార్కెట్‌ల మిర్చి ధర లేచింది: ‘ద ప్రైస్ ఆఫ్ చిల్లీ రోజ్’. వ్యాపారులు ధర పెంచిండ్రు: ‘ద ట్రేడర్స్ రెయిజ్డ్ ద ప్రైస్’. వాక్యంల ‘దేన్ని?’ అని అడుగు. జవాబుంటే రెయిజ్, లేకుంటే రైజ్.

పండుకొనుడు, పండవెట్టుడు కూడా గిదే లెక్క. పండుకుంటే లై, లే, లేన్. పండవెడితే, కింద పెడితే లే, లెయిడ్, లెయిడ్. మెలిక ఎక్కడంటే మొదటిదాని పాస్ట్, రెండోదాని ప్రెజెంట్ ఒక్కటే, లే. ‘యెస్టర్‌డే హి లే ఆన్ ద మ్యాట్ ఆల్ డే’ సరైనదే, పరీక్షల ‘లెయిడ్’ అని మార్చి అడుగుతరు. అబద్ధమాడే లై మాత్రం లైడ్, లైడ్. దొంగతనం దగ్గర ‘దేన్ని?’ కాదు, ‘వస్తువునా, మనిషినా?’ అని అడగాలె. పైసలు స్టీల్ చేస్తరు, మనిషిని, బ్యాంకును రాబ్ చేస్తరు.

కాజీపేట జంక్షన్

ముందు జరిగేదాని గురించి ఎవ్వరు చెప్పలే. మన ‘పోత’ రెండు పనులు చేస్తది. ‘రోజు పోత’ అలవాటు, ‘రేపు పోత’ ముందుమాట. అందుకే ‘ఐ విల్ గో టు జిమ్ డెయిలీ’ అని అలవాటుకు విల్ పెడ్తరు. అలవాటుకు ‘ఐ గో’. అక్కడికక్కడ అనుకున్నదానికి విల్: బెల్ మోగింది, ‘నేను పోత’, ‘ఐ విల్ గో’. టికెట్ తీసుకుని తయారుగా ఉంటే మనమే ‘రేపు హైదరాబాద్ పోతున్న’ అంటం, ఇంగ్లిష్‌ల కూడా ‘ఐ యామ్ గోయింగ్ టు హైదరాబాద్ టుమారో’. ఇక్కడ రెండు భాషలు కలుస్తయ్. రైలు, పరీక్ష, సినిమా టైం టేబుల్‌కు విల్ కూడా అక్కర్లేదు: ‘ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్’.

‘వానొస్తే పోను’ల ‘తే’ కనపడ్డ ముక్కల విల్ రాదు: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ వోంట్ గో’. వెన్, అంటిల్, యాజ్ సూన్ యాజ్ వెనక కూడా గంతే. జరగనిదాన్ని అనుకుంటే ‘చదివి ఉంటే పాసయ్యేటోడు’ అంటం, అది ‘ఇఫ్ హి హ్యాడ్ స్టడీడ్, హి వుడ్ హ్యావ్ పాస్డ్’. మన ‘ఉంటే’ దగ్గర హ్యాడ్, ‘ఏటోడు’ దగ్గర వుడ్ హ్యావ్.

ఇంటి నుంచి బయల్దేరుతూ ‘పోయొస్త’ అంటం. దాన్ని ‘ఐ విల్ గో అండ్ కమ్’ అనకుండ ‘ఐ విల్ బి బ్యాక్’ అనాలె.

జమ్మికుంట

యాది గురించి రెండు మాటలు. ‘యాది చెయ్యి’ అంటే రిమైండ్, ‘యాది పెట్టుకో’ అంటే రిమెంబర్. ‘రిమెంబర్ మీ టు బై మిల్క్’ తప్పు, ‘రిమైండ్ మీ టు బై మిల్క్’. గొడుగు ఇంట్ల మర్చిపోయిన అంటే ఫర్‌గెట్ కాదు, ‘ఐ లెఫ్ట్ మై అంబ్రెల్లా ఎట్ హోమ్’. చోటు చెప్తే లీవ్ వాడాలె.

‘తాళం వెయ్యాల్నని యాది పెట్టుకో’: ‘రిమెంబర్ టు లాక్ ద డోర్’. ‘తాళం ఏసినట్టు యాదుంది’: ‘ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్’. మన ‘ఏసినట్టు’ ఉన్న దగ్గర ఇంగ్ వస్తది, ‘వెయ్యాల్నని’ ఉన్న దగ్గర టు వస్తది.

నర్సంపేట

ఇంకొక్కటి, పాత అలవాటు. ‘చిన్నప్పుడు చెరువు కాడికి పోతుండె’ అంటే ‘యూజ్డ్ టు గో’. ‘నువ్వు ఫోన్ చేసినప్పుడు పోతుండె’ అంటే ‘వాజ్ గోయింగ్’. రూపం ఒక్కటే కాబట్టి ఒక్క నిమిషం సంగతా, ఏండ్ల సంగతా అని చూసి ఎంచుకోవాలె. డిడ్ వస్తే ‘యూజ్డ్’ల డి పోతది: ‘డిడ్ యు యూజ్ టు గో?’ ‘డిడ్ యు వెంట్’ కూడా ఇదే జబ్బు. డిడ్‌ల ఒకసారి పాస్ట్ అయిపోయింది, మల్లొకసారి వద్దు.

పరకాల అభ్యర్థి

అందరికి శనార్తి. అన్నీ కలిపి నాలుగు వాక్యాలు రాసిన, దిద్దండి.

‘ఐ హ్యావ్ బీన్ ప్రిపేరింగ్ ఫర్ సీజీఎల్ సిన్స్ జనవరి.’
‘మై బ్రదర్ గాట్ హిజ్ ఫోన్ రిపేర్డ్ లాస్ట్ వీక్.’
‘హి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో.’ వస్త అని వాడే అన్నడు.
‘బై ద టైమ్ ఐ రీచ్డ్ ద బస్ స్టాండ్, ద బస్ హ్యాడ్ ఆల్రెడీ లెఫ్ట్, సో ఐ హ్యాడ్ టోల్డ్ మై బ్రదర్ టు పిక్ మీ అప్.’

సుబేదారి టీచర్

మొదటి రెండూ సరిగ్గా ఉన్నాయి.

మూడోదాంట్లో తెలుగు కనిపిస్తుంది బాబూ. మనం ఎదుటివాళ్ల మాటను ఉన్నది ఉన్నట్టు పెట్టి ‘అన్నడు’ అంటాం, ‘నేను’ కూడా మారదు. ఇంగ్లిష్‌లో దట్ పెట్టాక ఆ ‘నేను’ అతనే కావాలి, విల్ కూడా వుడ్ కావాలి: ‘హి సెడ్ దట్ హి వుడ్ కమ్’. నువ్వు రాసినట్టు ఉంచితే రేపు వచ్చేది నువ్వు అవుతావు. టుమారో సంగతి వేరు. ఆ రోజు ఇంకా రాకపోతే టుమారోనే ఉంచొచ్చు, గడిచిపోతే ‘ద నెక్స్ట్ డే’.

నాలుగోదాంట్లో టోల్డ్ పక్కన తమ్ముడిని పెట్టావు, మధ్యలో టు రాలేదు, బాగుంది. ‘హ్యాడ్ ఆల్రెడీ లెఫ్ట్’ కూడా సరైన చోటే ఉంది. రెండో హ్యాడ్ తీసెయ్. బస్సు పోయింది, తర్వాత నువ్వు చేరావు, ఆ తర్వాతే తమ్ముడికి చెప్పావు. అన్నిటికంటే చివర జరిగినదానికి హ్యాడ్ ఇస్తే, బస్సు పోతుందని నీకు ముందే తెలిసి తమ్ముడికి చెప్పి పెట్టినట్టు ఉంటుంది. ‘సో ఐ టోల్డ్ మై బ్రదర్ టు పిక్ మీ అప్.’